మూడోసారి అడిగితే ఔనందామనుకున్నాను

ఉద్యోగం కోసం కాళ్ళరిగేలా తిరిగినవాళ్ళ కథలు మీరు చాలానే విని ఉంటారు. కాళ్ళరిగేలా తిరిగాక, తీరా ఆ ఉద్యోగమే నడిచొచ్చి ఎదురుగా నిలబడితే, "అయ్యో, మీకెందుకండీ శ్రమ" అని సాగనంపిన మహాతల్లి కథ ఇది. ఆ మహాతల్లిని నేనే. అప్పటికి నేను కెనడా వచ్చి మూడేళ్ళు దాటింది కానీ, నా బుద్ధి మాత్రం ఎయిర్‌పోర్టులో ఎవరూ దించుకోని సూట్‌కేసులా ఇంకా బెల్టు మీదే తిరుగుతూ ఉండేది. సున్నిత మనస్కులు ఇక్కడే ఆగిపోవచ్చు. మిగతావాళ్ళు కాఫీ తెచ్చుకుని కూర్చోండి. తెచ్చుకోమని ఒక్కసారే చెబుతున్నాను, మళ్ళీ అడగను. ఎందుకో చివరికి మీకే తెలుస్తుంది.

నేను లండన్‌లో చదివేదాన్ని. ఒంటారియోలో ఉన్న లండన్. ఈ రెండో వాక్యం తెనాలిలో చుట్టాలకి ఫోన్ చేసినప్పుడు మా అమ్మ చెప్పేది కాదు. పీఆర్, అంటే ఇక్కడే స్థిరపడే అనుమతి, వచ్చి మా కుటుంబమంతా స్కార్‌బరోలో ఒక అపార్ట్‌మెంటులో దిగాం. అమ్మానాన్నా అక్కడే ఉండిపోయారు, నేను యూనివర్సిటీ దగ్గర ఒక బేస్‌మెంటులో చేరాను. చదివేది ప్రీ-మెడ్. అంటే డాక్టర్ కావడానికి ముందు చదివే చదువని అమ్మ అనుకునేది. డాక్టర్ కాకుండా ఆగిపోవడానికి ముందు చదివే చదువని మా క్లాసులో అందరికీ తెలుసు.

మెడికల్ స్కూలుకి అప్లై చేసే ప్రతివాళ్ళకీ మంచి మార్కులే ఉంటాయి. కాబట్టి మార్కులతో పని జరగదు, ఏదైనా ల్యాబులో రీసెర్చ్ చేసి ఉండాలి, చేయించిన ప్రొఫెసర్ మన గురించి నాలుగు మంచి మాటలు రాయాలి అని సీనియర్లు చెప్పారు. మూడో ఏడాది తర్వాత వచ్చే వేసవిలో ల్యాబు దొరక్కపోతే ఇక నా డాక్టర్ చదువు గోవిందా అని నేను గట్టిగా నమ్మాను. నిద్రలో కూడా అదే భయం.

సరిగ్గా ఆ రోజుల్లోనే మన పిల్లలు కెనడా మీదికి వరదలా వచ్చిపడ్డారు. బస్సెక్కితే ముందు సీట్లో గుంటూరు, వెనక సీట్లో వరంగల్, నిలబడడానికి చోటు లేక తలుపు దగ్గర వేలాడుతూ కర్నూలు. కాఫీ షాపులో గిన్నెలు కడిగే పనికి కూడా వీధి చివరిదాకా క్యూ. ల్యాబుల ముందు కనబడే క్యూ లేదు గానీ, ప్రొఫెసర్ల ఇన్‌బాక్సుల్లో అంతకంటే పెద్ద క్యూ ఉండేది. ఆ క్యూలో నేనెక్కడో తోక దగ్గర ఉన్నాను.

ఎంతమందికి మెయిల్ పెట్టానో లెక్కలేదు. గుండె మీద పనిచేసేవాళ్ళకి చిన్నప్పటినుంచీ నాకు గుండె అంటే ప్రాణమని రాశాను. మూత్రపిండాలవాళ్ళకి కూడా ఇంచుమించు అలాగే రాశాను. ఒక్కరూ పలకలేదు. ఒకసారి మాత్రం నిమిషం తిరక్కుండా జవాబొచ్చింది. 'నేను సెలవులో ఉన్నాను' అని కంప్యూటర్ దానంతట అది పంపిన జవాబు. అయినా నా పేరు మీద ఒక మెయిల్ వచ్చింది కదా అని స్క్రీన్‌షాట్ తీసి అమ్మకి పంపాను. "పాపం, ఎంత మర్యాదస్తుడో, చెప్పి వెళ్ళాడు" అంది అమ్మ.

ఇదంతా చూస్తూ నా రూమ్మేట్ శ్రావణి నవ్వేది. తనది సిద్దిపేట. స్టూడెంట్ వీసా మీద వచ్చి నా క్లాసులోనే బయాలజీ చదివేది, పొద్దున్నే క్యాంపస్ కాఫీ కౌంటర్‌లో పనిచేసేది. ఆ పిల్లకి మొహమాటం అనే పదార్థం పుట్టుకతోనే లేదు. క్లబ్బు మీటింగులో చివర మిగిలిన పిజ్జా ముక్క దగ్గర అందరూ 'నువ్వు తీసుకో, నువ్వు తీసుకో' అనుకుంటుంటే, "నాకియ్యుండ్రి, నేను తింటా" అని తినేసి చెయ్యి కడుక్కునేది. నేను సిగ్గుతో తల దించుకునేదాన్ని. ఆకలితో కూడాననుకోండి.

నా పెంపకం వేరు మరి. ఎవరింటికైనా వెళితే పెట్టిన వెంటనే తీసుకోకూడదని మా అమ్మ నాకు పాలబుగ్గల వయసులోనే నేర్పింది. మొదటిసారి అడిగితే 'వద్దండీ' అనాలి. రెండోసారి అడిగితే 'అబ్బే, మీకెందుకండీ శ్రమ' అనాలి. మూడోసారి అడిగితే, అప్పుడు తల వంచుకుని 'కొంచెం' అనాలి. మొదటిసారికే ఔనంటే ఇంట్లో తిండి పెట్టడం లేదనుకుంటారట. ఈ పద్ధతిలో నాకు డిస్టింక్షన్ వచ్చింది.

ఆ ఫిబ్రవరిలో రిచ్‌మండ్ హిల్‌లో డాక్టర్ విశ్వనాథం గారింట్లో సత్యనారాయణ వ్రతానికి అమ్మ నన్ను లాక్కెళ్ళింది. ఆయన నలభై ఏళ్ళ క్రితమే వచ్చి, గుండె డాక్టరుగా పనిచేసి రిటైరైన పెద్దమనిషి. వాళ్ళావిడ సుభద్ర ఆంటీ. వ్రతం కాగానే ఆంటీ గారెల పళ్ళెంతో నా మీదికి వచ్చారు.

"రెండు వేస్తానమ్మా."

"వద్దండీ ఆంటీ, చాలు."

"ఇంకా మొదలే పెట్టలేదు, అప్పుడే చాలేమిటి? వేస్తున్నా."

"అబ్బే, మీకెందుకండీ శ్రమ," అంటూ నేను విస్తరి మీద రెండు చేతులూ అడ్డుపెట్టాను.

"చెయ్యి తియ్యి, కాలుతుంది!"

"కొంచెం..." అన్నాను. నాలుగు పడ్డాయి. నాకు కావలసింది సరిగ్గా నాలుగే. చూశారా, ఎంత చక్కని యంత్రాంగమో!

పక్కనే కూర్చున్న అంకుల్ నా చదువు గురించి అడిగారు. నేను నోరు తెరిచేలోపే అమ్మ కళ్ళొత్తుకుంది. "రాత్రనకా పగలనకా ఉత్తరాలు రాస్తోందండీ, ఒక్కడూ పలకట్లేదు" అంది. అంకుల్ నా వైపు తిరిగారు.

"లండన్‌లో హెలెన్ అని నిద్ర మీద రీసెర్చ్ చేసే ప్రొఫెసర్ ఉందమ్మా. నాతో చాలా కాలం పనిచేసింది. ఒక మాట చెబుతాను. కానీ నేను ఇలా ఎవరికీ చెప్పనని తెలుసు కదా. నా మాట నిలబెట్టాలి."

"తప్పకుండా అంకుల్!" అన్నాను, నోట్లో గారెతో.

వారం తిరక్కుండా ప్రొఫెసర్ హెలెన్ నుంచి మెయిలొచ్చింది. ఇస్త్రీ చేసిన చొక్కా వేసుకుని, ఆవిడ పేపర్లన్నీ బట్టీ పట్టి, ఆ గదిలో అడుగుపెట్టాను. ఆవిడ తెల్లజుట్టు మనిషి, నవ్వుమొహం. నిలబడి చెయ్యి కలిపి కుర్చీ చూపించింది.

"కాఫీ తాగుతావా?"

"నో, నో, థాంక్యూ," అన్నాను. రెండోసారికి సిద్ధంగా మొహం పెట్టాను.

"ఓకే," అంది ఆవిడ. తన కప్పులో మాత్రమే పోసుకుని కూర్చుంది.

ఇక్కడే నాకు అర్థమై ఉండాలి. రోడ్డు మీద 'ముందు గొయ్యి ఉంది' అని ఇంత పెద్ద బోర్డు పెట్టినట్టుగా జరిగింది. నేనేమో పాపం కాఫీ అయిపోయిందేమో, అందుకే బలవంతం చెయ్యలేదు అనుకున్నాను. పొద్దుట్నించీ ఏమీ తాగకుండా వచ్చిన నా ముక్కుపుటాల ముందు ఆ కాఫీ పొగలు కక్కుతుంటే, నేను నిద్రలో మెదడు ఏం చేస్తుందో గడగడా అప్పజెప్పాను. ఆవిడ ముచ్చటపడింది. నా మార్కులు చూసి తలూపింది. కప్పు కింద పెట్టి, నేను బతుకంతా ఎదురుచూసిన ఆ మాట అనేసింది.

"నాకు నువ్వు నచ్చావు. ఈ వేసవికి మా ల్యాబులో ఒక స్థానం ఉంది. నీకు ఇష్టమేనా?"

పాఠకులారా, ఇదే ఆ క్షణం. ఔనని అరవాలని లోపల ప్రతి కణమూ తహతహలాడింది. కానీ నోరు ఉంది చూశారూ, అది నాది కాదు, మా అమ్మది. అది తెరుచుకుని ఇలా అంది:

"అయ్యో, నో నో, మీకెందుకు శ్రమ!"

ఆవిడ కనుబొమలు పైకి లేచాయి. "శ్రమేమీ లేదు. నిజంగా వద్దా?"

హమ్మయ్య, రెండోసారి అడిగింది, పద్ధతి తెలిసిన మనిషే అని నేను లోలోపల పొంగిపోయాను. అంకుల్ నేర్పి ఉంటారు. రెండోసారికి తగ్గట్టుగా ఇంకాస్త వినయం ఒలకబోద్దామనుకున్నాను.

"నాకంటే తెలివైనవాళ్ళు చాలామంది ఉన్నారు కదండీ. నాకెందుకు? వాళ్ళకిస్తేనే న్యాయం."

"అలాగా? ఎవరైనా ఉన్నారా, నీకు తెలిసినవాళ్ళు?"

వినయంలో మునిగిపోయినవాళ్ళకి ఒడ్డు కనబడదు. "మా రూమ్మేట్ శ్రావణి ఉంది. చాలా కష్టపడే పిల్ల," అన్నాను. పేరు స్పెల్లింగుతో సహా చెప్పాను.

ఆవిడ ఆ పేరు రాసుకుంది. నేను కుర్చీ అంచు మీద కూర్చుని, తల కొంచెం వంచి, పెదవుల మీద 'కొంచెం' అన్న మాటని సిద్ధంగా పెట్టుకుని, మూడోసారి కోసం ఎదురుచూశాను. ఆవిడ లేచి నిలబడింది. చెయ్యి చాచింది.

"ఇంత నిస్వార్థంగా ఉండే స్టూడెంట్‌ని నేను ఇదివరకు చూడలేదు. ఆల్ ది బెస్ట్."

తలుపు నా వెనకాల మెత్తగా మూసుకుంది. ఇందులో వింతేమిటంటే, నేను అప్పుడు కూడా బాధపడలేదు. మూడోసారి మెయిల్లో అడుగుతుంది కాబోలు అనుకుంటూ బస్సులో ఈల వేసుకుంటూ ఇంటికి వెళ్ళాను.

"ఏమైందే? అచ్చిందా?" అంది శ్రావణి, పొయ్యి దగ్గర ఎగ్ బుర్జీ కలుపుతూ.

"వచ్చినట్టే. రెండుసార్లు అడిగింది. ఇంకొక్కసారి అడిగితే అయిపోతుంది."

"రెండుసార్లు అడిగితే నువ్వేమన్నవ్?"

"వద్దన్నాను."

గరిటె గిన్నెలో పడింది. శ్రావణి స్టవ్ కట్టేసి నా నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది. "నీకు పిస లేసిందానే? ఆమె ఏమన్న మీ మేనత్తనా, బతిమాలి పెట్టనీకి? పో, ఇప్పుడే మెయిల్ కొట్టు!"

"ఛ, మనమే అడిగితే ఏం బాగుంటుంది?" అన్నాను.

మర్నాడు మెయిల్ వచ్చింది. నాకు కాదు, శ్రావణికి. అంతకుముందే, పొద్దున కాఫీ కౌంటర్ దగ్గర నిలబడే ఇంటర్వ్యూ అయిపోయిందట. ప్రొఫెసర్ కాఫీ కొనుక్కోవడానికి వచ్చి, చొక్కా మీద పేరు చూసి, నువ్వేనా శ్రావణి, వేసవిలో ల్యాబులో చేరతావా అని అడిగితే, మన పిల్ల "యెస్, ఎప్పుడు రావాలె?" అందట. జీతం కూడా ఇస్తారట.

సాయంత్రం తను నా ముందు మంచం మీద కూర్చుని గోళ్ళు కొరుక్కుంది. "నాకసలు నిద్ర మీద రీసెర్చ్ ఎందుకే? నాకు నిద్రనే లేదు. నేను ఒద్దని చెప్తా, నువ్వు పో."

ఇదిగో, ఇంకో తలుపు. మీరైతే ఏం చేసేవారో నాకు తెలుసు. నేనేం చేశానో కూడా మీకీపాటికి తెలిసే ఉంటుంది.

"అబ్బే, అదేంటే, నీకొచ్చింది నువ్వే చెయ్యి," అన్నాను నవ్వుతూ. తర్వాత బాత్‌రూమ్‌లోకి వెళ్ళి కుళాయి తిప్పి ఏడ్చాను. ఆ ఏడుపులో హాస్యమేమీ లేదు. మూడేళ్ళుగా మోసుకొచ్చినదాన్ని నా చేతులతో నేనే దింపి పక్కవాళ్ళకి అందించానని అప్పటికి గానీ నాకు తెలిసిరాలేదు.

విశ్వనాథం అంకుల్ ఫోన్ చేశారు. గొంతులో పిడుగులు.

"అమ్మాయ్! హెలెన్ చెబుతోంది, ఆఫర్ ఇస్తే వద్దన్నావట?"

"అంటే, అంకుల్... మొదటిసారే ఔనంటే బాగుండదని..."

"ఏమిటీ, దాన్ని గారె అనుకున్నావా?"

అమ్మకి చెబితే, "మూడోసారి అడక్కుండా ఎలా పంపించేసిందే? పెంపకం లేని మనిషిలా ఉంది!" అని ప్రొఫెసర్ మీదే విరుచుకుపడింది.

ఆ క్షణంలో నేను మారిపోయాను. ఇక ఈ దేశంలో ఎవరు ఏది అడిగినా ఔనే అనాలని తీర్మానించుకున్నాను. సూపర్‌మార్కెట్‌లో చారిటీకి డాలరు ఇస్తారా అంటే యెస్. సంచీ కావాలా అంటే యెస్. వీధిలో ఎవరో దేవుడి గురించి తెలుసుకుంటారా అంటే యెస్ అన్నాను, వాళ్ళు మా బేస్‌మెంటుకి ప్రతి ఆదివారం వచ్చేవారు. అలాంటి ఊపులో ఉండగా ఏప్రిల్లో కారిడార్‌లో ప్రొఫెసర్ హెలెన్ ఎదురైంది.

"ఓ, నువ్వా! మా ప్రాజెక్టులో ఇంకొకరు కావలసి వచ్చింది. నీకు..."

"యెస్!" అన్నాను. ఆవిడ వాక్యం సగంలోనే తెగిపోయింది.

"కానీ ఇంకా నేను..."

"యెస్, యెస్! తప్పకుండా!"

"మంచిది," అంది ఆవిడ కొంచెం వెనక్కి జరిగి. "శనివారం పొద్దున రా."

నేను అమ్మకి ఫోన్ చేశాను. అమ్మ తెనాలికి ఫోన్ చేసింది. సాయంత్రానికి ఊళ్ళో సగంమందికి నేను లండన్‌లో మెదడు డాక్టర్‌ని. శుభకార్యానికి వెళుతున్నాను కదా అని శుక్రవారం తలకి కొబ్బరినూనె దిట్టంగా పట్టించి జడ వేసుకున్నాను. ఇది కూడా అమ్మ సలహాయే. బుర్ర చల్లగా ఉంటే పని బాగా సాగుతుందంది.

శనివారం ల్యాబు తలుపు తీసింది శ్రావణి, తెల్లకోటులో. నన్ను చూసి నోరెళ్ళబెట్టింది.

"నువ్వెందుకు అచ్చినవే?"

"చేరడానికి! ఇంకొకరు కావాలని మేడమ్ అడిగింది."

శ్రావణి మొహంలో రంగులు మారాయి. నా చెయ్యి పట్టుకుని పక్కకి లాగింది. "చేరనీకి కాదే. అది వాలంటీర్. తలకి వైర్లు పెట్టి పండవెడ్తం. నువ్వు పండుకుంటే మేము చూస్తం."

అంటే నాకు రీసెర్చ్ దొరికింది. కాకపోతే మైక్రోస్కోపుకి పైవైపు కాదు, కిందివైపు.

వెనక్కి తిరిగి పారిపోదామనుకునేలోపు ప్రొఫెసర్ వచ్చేసింది. కుర్చీలో కూర్చోబెట్టారు. నేను ఇచ్చేసిన ఉద్యోగంలో చేరిన నా రూమ్మేట్, నా తల మీద జిగురు పూసి ఒక వైరు అంటించింది. అది జారింది. మళ్ళీ అంటించింది. సబ్బునీళ్ళలో చేపపిల్లలా మళ్ళీ జారి నా భుజం మీద పడింది. శ్రావణి తన వేళ్ళు వాసన చూసుకుని, నా చెవిలో అంది:

"నూనె పెట్టినవానే?"

"కొంచెం," అన్నాను.

ప్రొఫెసర్ కూడా ప్రయత్నించింది. ఒక్క వైరూ నిలవలేదు. ఆవిడ తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ ఎంతో సౌమ్యంగా, ఈ తల పనికిరాదని తేల్చేసింది. డాక్టరుగా పనికొస్తానో లేదో ఇంకా తెలియదు గానీ, పేషెంటుగా కూడా పనికిరానని అధికారికంగా తేలిపోయింది. ఆ వేసవి నేను స్కార్‌బరోలో ఒక చీరల దుకాణంలో మడతలు పెడుతూ గడిపాను.

సెప్టెంబరులో మళ్ళీ లండన్ వెళ్ళేముందు, మాట పోగొట్టినందుకు క్షమాపణ చెప్పుకుందామని విశ్వనాథం అంకుల్ ఇంటికి వెళ్ళాను. నా మొహం చూసి ఆయన కరిగిపోయారు. "పోనీలే అమ్మా. ఇంకెవరినైనా అడిగి చూడమంటావా?" అన్నారు.

"అడగండి అంకుల్!" అన్నాను ఠక్కున, మొదటిసారికే.

ఆయన ఉలిక్కిపడ్డారు. ఆంటీ వైపు చూశారు. ఆయన మర్యాదకి అడిగారని, నేను వద్దనాలని, అప్పుడు అందరం సుఖంగా కాఫీ తాగాలని నాకు ఒక్క క్షణం ఆలస్యంగా వెలిగింది. "చూద్దాంలే," అన్నారాయన. మనలో 'చూద్దాం' అంటే ఏమిటో మీకు నేను చెప్పక్కర్లేదు.

ఆ రోజే బేస్‌మెంటుకి తిరిగొచ్చి, దేవుడి పటం ముందు అగరొత్తి వెలిగించి, శ్రావణిని సాక్షిగా నిలబెట్టి ప్రతిజ్ఞ చేశాను. "నేను, అనగా తెనాలి వాస్తవ్యురాలు, ప్రస్తుతం బేస్‌మెంటు నివాసిని, నా చదువు మీద, అమ్మ పెట్టిన ఆవకాయ మీద ఒట్టేసి చెబుతున్నాను. చేతికి అందివచ్చిన దాన్ని ఇకముందు ఈ జన్మలో వద్దనను. ఎవరికీ శ్రమ ఎందుకని అనను. నాకు కావలసింది నాకు కావాలనే అంటాను. తలకి నూనె విషయం పరిస్థితిని బట్టి నిర్ణయిస్తాను."

శ్రావణి చేతులు కట్టుకుని అంతా విన్నది. "అయిందా?" అంది. "సరే, ఇను. మా ల్యాబుల చలికాలం నుంచి ఇంకొకరిని తీసుకుంటరట. వైర్లు పెట్టే పని, పండుకునే పని కాదు. మేడమ్‌కి నీ పేరు చెప్పాల్నా?"

నోరు తెరుచుకుంది. అగరొత్తి ఇంకా సగం కూడా కాలలేదు.

"అబ్బే, వద్దులేవే..."

శ్రావణి కదల్లేదు. కుర్చీ లాక్కుని నా ఎదురుగా కూర్చుంది. వేలు చూపిస్తూ అంది, "ఒకటైంది. రెండోసారి అడుగుతున్న. చెప్పాల్నా?"

"నీకెందుకే శ్రమ..."

"రెండైంది." నా గడ్డం పట్టుకుని తల పైకెత్తింది. కెనడాలో ఇన్నేళ్ళుగా ఎవరూ అడగని ఆ మూడోసారి, సిద్దిపేట పిల్ల అడిగింది. "చెప్పాల్నా, ఒద్దా?"

నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. తల వంచుకున్నాను.

"కొంచెం," అన్నాను.

ప్రతిజ్ఞ మాత్రం ఇప్పటికీ అమల్లోనే ఉంది.